వెనక్కి పోయిన బోణీ బండి

సరోజ పొయ్యి మీద పప్పు పెట్టి, దాన్ని తిట్టడం మొదలుపెట్టింది.

"ఉడుకుతవా లేదా? నువ్వు గూడ నా మాట ఇననని ఒట్టు పెట్టుకున్నవా?"

పప్పు ఏం చేసింది పాపం! ఆ మాట గడప పక్కన కూర్చుని కొత్తిమీర తుంచుతున్న కోడలు దీప్తికి తగలాలని విసిరింది. తగిలింది కూడా. తమ్ముడు శంకరయ్య వడ్ల బండి మిల్లు నుంచి వెనక్కి మళ్ళిన రోజు నుంచీ అత్త కోడలితో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. చెప్పాల్సింది ఏమైనా ఉంటే గోడకో, గిన్నెకో, పొయ్యికో చెబుతోంది. ఆ ఇంట్లో సామాన్లకు ఇంత మర్యాద ఎన్నడూ దక్కలేదు.

"సుకన్యా! మీ వదినెకు చెప్పు. ముదురు కాడలు గూడ ఏస్తున్నది. మనింట్ల గట్ల తినం."

పెళ్ళికూతురు సుకన్య జాకెట్లకు కుట్టించిన అంచులు సరిచూసుకుంటూ తలెత్తింది.

"అమ్మా, వదిన నీ పక్కనే ఉన్నది. నువ్వే చెప్పు."

"పక్కన ఉంటె దగ్గర ఉన్నట్టేనా?"

దీప్తి తల వంచుకునే ముదురు కాడలు ఏరి అవతల పెట్టింది. ఈ ఇంటికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. కోదాడ పిల్ల. "మా అత్తమ్మ కన్నా మా అమ్మే నన్ను ఎక్కువ తిడుతుంది" అని పుట్టింట్లో గొప్పలు పోయిన పిల్ల. అలాంటి అత్తమ్మ నోరు కట్టేసుకుంటే ముద్ద ఎలా దిగుతుంది?

"అత్తమ్మా," అంది చివరికి. "నన్ను తిట్టండి, పడతాను. ఇలా గిన్నెలతో మాట్లాడకండి. నాకు ఏడుపొస్తోంది."

సరోజ చేతిలో గరిటె ఆగింది. వెనక్కి తిరగబోయింది. తిరగలేదు.

"నాకు రాదా ఏడుపు? వచ్చే వారం నా బిడ్డ పెండ్లి. గంప ఎవరు ఎత్తుతరు?" అని పొయ్యిని అడిగింది.

అదీ బాధ. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామ. సుకన్యకు ఉన్నది ఒకే ఒక్క మేనమామ, సరోజ తమ్ముడు శంకరయ్య. ఆ శంకరయ్య ఇప్పుడు హుజూర్‌నగర్ దగ్గర తన ఊళ్ళో అలిగి కూర్చున్నాడు. ఫోనెత్తడు. పిలవడానికి పోయిన మనిషికి మంచినీళ్ళిచ్చి పంపించాడు తప్ప వస్తాననలేదు.

అలిగాడంటే అలగడూ మరి! కోతలు మొదలయ్యాక మిర్యాలగూడలో బావ మిల్లుకు మొదట వచ్చే వడ్ల బండి శంకరయ్యదే అయి ఉండాలి. దారిలో ఎన్ని మిల్లులు రా రమ్మన్నా ఆయన ట్రాక్టరు ఆగదు. ఆయనది మంచి చెయ్యి, ఆయన బోణీ చేస్తే ఏడాదంతా మిల్లు ఆగదని సరోజ నమ్మకం. పొలం కూడా పరాయిది కాదు, వాళ్ళ నాయన పొలమే. అలాంటి బోణీ బండిని ఈసారి రైతుల ముందు, హమాలీల ముందు, "ఈ సరుకు తీసుకోవద్దు" అంది ముత్యం.

ముత్యం మనిషి కాదు. దీప్తి తయారుచేసిన ఏఐ సహాయకురాలు. మిల్లు ఆఫీసులో బల్ల మీద ఒక ఫోనులో ఉంటుంది. రైతులు ఊళ్ళోంచి అడిగినా సరే, బల్ల ముందు నిలబడి అడిగినా సరే, ఎప్పుడు రావాలో, ముందు ఎన్ని బండ్లున్నాయో తీరిగ్గా తెలుగులో చెబుతుంది. సరోజ కూడా తన ఫోనులో దాన్ని పెట్టించుకుంది. మధ్యాహ్నాలు దానితో ముచ్చట్లు పెట్టి, "ఎంత పద్దతిగల్ల పిల్లనో" అని మురిసింది. ఈ కోతలకు దీప్తి దానికి ఇంకో పని అప్పజెప్పింది. శాంపిలు బియ్యం ఫోటో చూపిస్తే సరుకు ఎలా ఉందో చెప్పడం. ఆ కొత్త పనిలో మొట్టమొదటి ఫోటో శంకరయ్య బండిదే.

ఆ వేళకు ఇంటి యజమాని సుధాకర్ సూర్యాపేటలో వియ్యంకుల ఇంట్లో ఉన్నాడు. దీప్తి కోదాడలో పుట్టింట ఉంది. తిరిగి వచ్చాక చేసిన పనేమిటంటే, కనెక్షన్లన్నీ పరీక్షించి, "ఎక్కడా తప్పు లేదత్తమ్మా. లెక్క సరిగ్గానే వచ్చింది" అని నిజాయితీగా చెప్పింది. ఆ నిజాయితీ కొంప ముంచింది. లెక్క సరైందంటే తమ్ముడి వడ్లు పాడైనవనే కదా!

*

భోజనాల దగ్గర సుధాకర్ మెల్లిగా కదిపాడు.

"సరోజా, జర పచ్చడి ఇటియ్యి."

"మీ ముత్యాన్ని అడుగుర్రి. అది చెప్తె తినొచ్చో తినొద్దో తెలుస్తది."

"నన్నెందుకు అంటున్నవే? నేను ఊర్ల గూడ లేను."

"ఉంటె మాత్రం ఏం చేస్తుంటిరి? 'ముత్యం మాటే నా మాట, బావమరిదైనా బయటోడైనా ఒక్కటే' అని బోర్డు పెట్టించింది ఎవరు?"

సుధాకర్ పచ్చడి సంగతి మరిచిపోయాడు. బోర్డు ఆయనే పెట్టించాడు. ఎర్ర అక్షరాలతో.

"నాకు బాధ లేదా? వాడు ఆ వడ్లను ఏం చేసిండో అని నా పరేషాన్ నాకున్నది. కోసినయ్ కోసినట్టే పోసుకొచ్చిన పచ్చి వడ్లు. ఎండకు పోసిండో లేదో. పట్టా కప్పి పెడ్తె లోపల కాగి, బియ్యం పసుపు రంగుకొస్తయ్. అప్పుడు ఎవరు సూసినా వద్దనే అంటరు."

"నా తమ్ముడు రైతు. మీరు చెప్పాల్నా?"

కొడుకు వంశీ వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. "అమ్మా, సుకన్యను ఎత్తుడు మామతోటి అయితదా అసలు? హమాలీలను మాట్లాడుదాం, ఇద్దరు చాలరు గనీ..."

సుకన్య అప్పడం విసిరింది. అది వంశీకి తగిలి ముక్కలైంది. మామూలు రోజైతే ముందు నవ్వేది సరోజే. ఇవాళ కంచం ముందు నుంచి లేచింది.

"నా పెండ్లప్పుడు మా మేనమామ అలిగిండు," అంది గోడవైపు తిరిగి. "జీపు పంపుతమని ఎడ్లబండి పంపిర్రని. రాలే. మా నాయననే గంప ఎత్తుకొచ్చిండు. మండపంల అందరు నన్ను సూస్తలేరు, గంప ఎత్తినోణ్ణి సూస్తున్నరు. నా బిడ్డకు గా గతి పట్టొద్దని దేవునికి మొక్కుకున్న. ఎవరి మీదనో కోపం గాదు నాది. భయం."

దీప్తి కళ్ళు తుడుచుకుని, చెయ్యి కడుక్కుని, మిల్లు ఆఫీసుకు నడిచింది. వంశీ ఆమె వెనకే పోయాడు.

*

"మల్ల ఏం చూస్తవ్? కనెక్షన్ అంత మంచిగనే ఉన్నదంటివి గదా," అన్నాడు వంశీ కుర్చీ లాక్కుని.

"కనెక్షన్ చూశాను. ఫోటో తెరిచి చూడలేదు."

"ఫోటో సూడకుండనే..."

"అవును, చూడకుండానే! చెబుతున్నాగా. ఇక నువ్వు కూడా మొదలుపెట్టకు."

తెర మీద ఫోటో తెరుచుకుంది. స్టీలు పళ్ళెం. అందులో పొట్టు తీసిన బియ్యం. దీప్తి దాన్ని పెద్దది చేసింది. ఒక వారన ఎర్రటి చుక్క. ఇంకో వారన బంతిపూరేకు. మధ్యలో గింజలన్నీ పసుప్పచ్చగా.

"శ్రీధర్ గారూ!" అని పిలిచింది. గుమాస్తా శ్రీధర్ తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఈ పళ్ళెం దేవుడి గదిలోకి వెళ్ళిందా?"

"పోయింది మేడం. ప్రతి ఏడు బోణీ శాంపిలు అమ్మగారు లోపలికి తీస్కపోతరు. పసుపు కలిపి, లక్ష్మమ్మకు చూపెట్టి, మల్ల మాకిస్తరు. మునుపైతె సారు ఆ పూట వడ్లు చేతిల పట్టుకొని సూసి దించుకొమ్మంటరు. ఈసారి ప్రతి బండికి ఫోటో కొట్టాలని మీరు చెప్పిర్రు గదా. పళ్ళెం రాంగనే కొట్టిన."

"పసుపు ఉంది కదా, అనుమానం రాలేదా?"

శ్రీధర్ నొచ్చుకున్నాడు. "పసుపు పెడితె శుభమే గదా మేడం. దాంతోటి ఏమైతదనుకుంట?"

ఆయన వెళ్ళాక దీప్తి తల పట్టుకుంది. వంశీకి నవ్వు ఆగలేదు. భార్య మొహం చూసి మింగేశాడు.

"అయితె తప్పు ముత్యానిది కాదు. అమ్మ పసుపుది."

"కాదు. పూర్తిగా విను." దీప్తి కుర్చీ అతని వైపు తిప్పింది. "ముత్యానికి మాట్లాడడం వచ్చు. గింజ చూడడం రాదు. అందుకే ఫోటో రాగానే దాన్ని బయట ఇంకో మోడల్‌కి పంపేలా కలిపాను. అది మన దగ్గర ఉండదు, ఎక్కడో ఒక కంపెనీ కంప్యూటర్లలో నడుస్తుంది. లక్షల గింజల ఫోటోలు చూసి నేర్చుకుంది. అది చూసి జవాబు పంపుతుంది, ఆ జవాబును ముత్యం తెలుగులో మనకు చెబుతుంది."

"పెండ్లి సంబంధం చూసేటోళ్ళ లెక్క. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ."

"అదే. ఇప్పుడు ఆ బయటి మోడల్ పంపిన జవాబు మొత్తం చూడు. రంగు మారిన గింజలు ఎక్కువ అంది. నిజమే. కానీ దాని కిందే, 'ఈ రంగు నాకు కొత్తగా ఉంది, నమ్మకంగా చెప్పలేను, మరోసారి ఫోటో తీయండి' అని కూడా పంపింది."

వంశీ ముందుకు వంగాడు. "మరి ముత్యం అది చెప్పలేదేంది?"

"నేను చెప్పనివ్వలేదు. రైతులకు నసుగుడు వద్దు, తీసుకోవచ్చా తీసుకోవద్దా ఒక్క ముక్క చెప్పించమన్నారు మామయ్య. సరేనని అనుమానం ముక్కను మధ్యలో నేనే కత్తిరించాను. అది భయపడుతూ చెప్పిన మాట, బాబాయ్ చెవికి తీర్పులా వినబడింది."

శంకరయ్య దీప్తికి బాబాయి వరస. పెళ్ళినాడు ఆమెకు కళ్ళజోడు పెట్టుకునే ఉండమని చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆయన. "కండ్లు కనవడకుంట తలంబ్రాలు ఎవని మీద పోస్తవ్ బిడ్డా?" అని అందరినీ నవ్వించాడు. ఆ సంగతి గుర్తొచ్చి దీప్తి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"పా, అమ్మకు చెప్దాం," అన్నాడు వంశీ లేస్తూ.

"వద్దు."

"ఏంది వద్దు?"

"తమ్ముడి బండి తన చేతి పసుపు వల్ల వెనక్కి పోయిందని తెలిస్తే ఆవిడ ఈ వారమంతా కుమిలిపోతుంది. సుకన్య పెళ్ళి చూడదు, తన తప్పే చూసుకుంటుంది. ఎలాగూ సగం తప్పు నాది. మొత్తం నాదే అంటే నాకేం పోతుంది?"

"నిన్ను చేసుకున్నందుకు నాకు ఇప్పటిదాంక ఎవరు దావత్ ఇయ్యలేదు," అన్నాడు వంశీ.

దీప్తి కళ్ళనీళ్ళతోనే నవ్వింది. అప్పటికప్పుడు కూర్చుని కత్తిరించిన ముక్కను తిరిగి అతికించింది. ఇక మీదట బయటి మోడల్ అనుమానపడితే ముత్యం ఆ అనుమానం కూడా చెబుతుంది. గింజకు బయటి రంగు అంటిందేమో అని అడుగుతుంది. ఆ పని అయ్యాక ఇద్దరూ హుజూర్‌నగర్‌కు బయలుదేరారు.

బండి తీస్తుంటే వాకిట్లోంచి సరోజ గొంతు వినిపించింది. తులసికోటతో మాట్లాడుతోంది.

"ఎండ దంచుతున్నది. చున్నీ కట్టుకోకుంట పోతున్నరు కొందరు. మల్ల తలనొప్పి అంటరు."

దీప్తి నెత్తికి చున్నీ చుట్టుకుంది.

*

వాళ్ళు వెళ్ళిపోయాక సరోజకు తోచలేదు. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక దేవుడి గదిలోకి వెళ్ళింది. లక్ష్మమ్మ పటం ముందు చిన్న గిన్నెలో ఆ రోజు పళ్ళెంలోంచి తీసిపెట్టిన గుప్పెడు బియ్యం అలాగే ఉంది. కోతలైపోయేదాకా దాన్ని కదిలించరు. దాన్ని చూడగానే కోపం మళ్ళీ పొంగింది. ఫోను తీసింది.

"ఓ పిల్లా ముత్యం! ఉన్నవా?"

"ఉన్నాను సరోజమ్మా. చెప్పండి."

"నీతోటి కచ్చి నాకు, మాటల్లేవ్. అయినా అడుగుతున్న. ఇగో, మా తమ్ముని బియ్యం. సక్కగ కండ్లు తెరిచి సూడు. ఏం రోగం వచ్చింది వీటికి? చెప్పు!"

ఫోటో తీసింది. ఫోను కాసేపు ఊరుకుంది. ఎక్కడికో పోయి అడిగి వస్తోందని సరోజకు తెలియదు.

"సరోజమ్మా, గింజ నిండుగా ఉంది, నూక కూడా తక్కువే. కానీ అన్నిటి మీద ఒకేలా పసుపు రంగు ఉంది. అది గింజ రంగో, బయటి నుంచి అంటిన రంగో నేను తేల్చుకోలేకపోతున్నాను. వీటికి ఏమైనా కలిపారా? ఒకసారి కడిగి చూపిస్తారా?"

సరోజ తన చేతి వేళ్ళు చూసుకుంది. పెళ్ళింటి చేతులు. గోళ్ళ సందుల్లో ఇంకా పసుపే.

నాలుగు గింజలు తీసి గ్లాసులో వేసింది. వేలితో తిప్పింది. నీళ్ళు పచ్చబడ్డాయి. గింజలు తెల్లగా అడుగున కూర్చున్నాయి.

సుకన్య వచ్చేసరికి తల్లి దేవుడి గదిలో నేల మీద కూర్చుని ఉంది.

"అమ్మా? ఏమైందే?"

"నేనే బిడ్డా." సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే పంపించిన నా తమ్ముణ్ణి. ఆ పిల్లను గిన్ని రోజులు గోసపెట్టిన. అది కొత్తిమీర తుంచుకుంట ఏడ్చింది, నేను తిరిగి సూడలే."

"వదిన ఏమనుకోదు లేమ్మా. ఊకో."

"అనుకోదు. అదే బాధ." ముక్కు చీది లేచింది. "మీ నాయనను కారు తియ్యమను. గా గిన్నె ఇటియ్యి."

*

శంకరయ్య ఇంటి ముందు ట్రాక్టరు ఉంది. ట్రాలీకి నీలం పట్టా, పట్టా మీద తాళ్ళు, అన్నీ మిల్లు నుంచి వచ్చిన నాటిలాగే ఉన్నాయి. వంశీ, దీప్తి దాని పక్క నుంచే లోపలికి వెళ్ళారు.

శంకరయ్య భార్య శ్రీలత మజ్జిగ తెచ్చిచ్చి, దీప్తి తల నిమిరింది. "మీరన్న చెప్పుర్రి ఈ మనిషికి. నేను చెప్పి చెప్పి యాష్టకొచ్చింది."

"నువ్వు లోపలికి పో," అన్నాడు శంకరయ్య. కానీ గొంతులో కోపం పలచబడింది. దీప్తి మీద ఆయనకు ఎంతసేపూ కోపం నిలవదు.

"బాబాయ్," అంది దీప్తి. "తప్పు వడ్లది కాదు. నాది. ముత్యానికి అనుమానం వచ్చింది. దాన్ని చెప్పకుండా ఆపింది నేనే. మీరు నన్ను ఏమన్నా అనండి. సుకన్య ఏం చేసింది?"

శంకరయ్య తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"బిడ్డా, నేను అలిగింది ఆ ఫోను మాటకు కాదు. దానికి తల్లా తండ్రా, ఏమో అన్నది. నేను మా అక్క దిక్కు సూసిన. గడపల నిలవడ్డది. 'మా తమ్ముని వడ్లు గట్లుండయ్' అని ఒక్క మాట అంటదని సూసిన. అనలే. గది తగిలింది నాకు."

దీప్తి మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టింది.

బయట కారు ఆగింది. సరోజ దిగిన తీరుకు చెప్పు ఒకటి కారులోనే ఉండిపోయింది. ఒంటి చెప్పుతోనే, గిన్నె పొట్టకు పొదువుకుని వాకిట్లోకి వచ్చింది. వెనక సుధాకర్, సుకన్య.

"తమ్మీ, పసుపు కలిపింది..." అని సరోజ మొదలుపెట్టింది.

"నేనే బాబాయ్!" అని దీప్తి గబుక్కున అందుకుంది.

"నేను!"

"కాదు, నేను!"

శంకరయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గిన్నె అందుకుని, ఒక గింజ తీసి, తువ్వాలలో పెట్టి నలిపాడు. తువ్వాలకు పసుపు అంటింది. గింజ తెల్లగా వచ్చింది.

"బోణీ పళ్ళెంల పసుపు కలిపేది మా అక్క ఒక్కతే. మా అమ్మ నేర్పింది," అన్నాడు. తరువాత దీప్తి వైపు తిరిగాడు. "నువ్వు ఆ పూట కోదాడల ఉంటివి. అబద్ధం ఆడాల్నంటె ముందు ఊర్ల ఉండాలె బిడ్డా."

వంశీ నవ్వాడు. శ్రీలత తలుపు చాటు నుంచి నవ్వింది. సరోజ మాత్రం కోడలి ముందుకు వచ్చి నిలబడింది. గోడ లేదు, గిన్నె లేదు, పొయ్యి లేదు.

"నీకు తెలుసా ముందే?"

"తెలుసత్తమ్మా."

"తెలిసి నాకెందుకు చెప్పలే?"

"మీరు బాధపడతారని."

"పిచ్చిదానా!" అని సరోజ కోడల్ని దగ్గరికి లాక్కుని ఏడ్చింది. "నీ తల్లి ఎక్కువ తిడ్తదన్నవట గదా. ఇగ సూడు, నేను తిట్టుడు మొదలువెడ్త!"

దీప్తి ఆ భుజం మీదే తల ఊపింది.

సరోజ కళ్ళు తుడుచుకుని తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "గడపల నిలవడి నోరు తెర్వలేదు నేను. నాకు మాట పడిపోయింది తమ్మీ. ముత్యం చదువుకున్న పిల్ల గదా, దానికి తెలుసేమో అనుకున్న. నా నాయన పొలం మీద నాకే అనుమానం వచ్చింది. నన్ను తిట్టు. పెండ్లికి మాత్రం రా."

శంకరయ్య మీసం కదిలింది. కళ్ళు కూడా తడిశాయి. కానీ ఆయన అంత తేలిగ్గా దిగితే ఆ ఇంటి మనిషే కాదు.

"వస్త. గంప నేనే ఎత్తుత. ఒక్క మాట మీద." లేచి నిలబడ్డాడు. "అందరి ముంగట కాదన్నది. అందరి ముంగటనే అవుననాలె. రేపు పొద్దుగాల బండి మల్ల తెస్త. పసుపు పెట్టేది లేదు, మీరెవరు నడుమ మాట్లాడేది లేదు. ముత్యమే సూడాలె, ముత్యమే చెప్పాలె. మంచివే అన్నదనుకో, ఆడికెల్లి సక్కగ పెండ్లి పనికే వస్త. మల్ల కాదన్నదనుకో, ఆ మిల్లు గడప తొక్క, ఆ పందిరి కిందికి రా."

"ఎందుకంటది తమ్మీ!" సరోజ మొహం వెలిగిపోయింది. "మన నాయన పొలం వడ్లు. గిన్నెల గింజలనే ఎంత మెచ్చుకున్నదో అడుగు."

"బిడ్డా, నీ ముత్యం ఈసారి సగం మింగదు గదా?"

"మింగదు బాబాయ్," అంది దీప్తి. "ఇప్పుడు ఉన్నది ఉన్నట్టే చెబుతుంది. మంచైనా చెడైనా."

"గంతే కావాలె."

సుధాకర్ బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. ఆడవాళ్ళు వంటింటివైపు కదిలారు. సుకన్య మామను పట్టుకుని, "నన్ను ఎత్తగలవా మామా, అన్న హమాలీలను మాట్లాడుతడట," అని ఫిర్యాదు మొదలుపెట్టింది. అలక ఉన్న ఇల్లు పెళ్ళిల్లుగా మారడానికి ఎంతసేపు!

దీప్తికి మాత్రం ఒక గుప్పెడు వడ్లు తీసుకుని ఇప్పుడే ముత్యానికి చూపిద్దామనిపించింది. రేపటిదాకా ఆగే ఓపిక లేదు.

"బాబాయ్, కొన్ని వడ్లు తీసుకోనా?"

"అడుగుతవేంది? తీస్కో, తీస్కో!" శంకరయ్య ఉత్సాహంగా వచ్చి తాడు విప్పి, పట్టా మూల ఎత్తాడు. పైన వడ్లు ఆరి బంగారంలా ఉన్నాయి. "సూడు! గీటిని కాదన్నది!"

"ఆ రోజు నుంచి దించలేదా?" అని అడిగింది దీప్తి.

శ్రీలత వంటింటి కిటికీలోంచే అరిచింది. "దించి ఎండకు పోద్దామంటె ఇంటడా? 'అవమానం అయిన బండి అట్లనే ఉండాలె, మా అక్క వచ్చి సూడాలె' అని కూసున్నడు!"

"ఊకో నువ్వు. అక్క వచ్చిందా లేదా?" అన్నాడు శంకరయ్య గర్వంగా.

సరోజ నవ్వుతూ వచ్చి కోడలి పక్కన నిలబడింది. శాంపిలు పై నుంచి తీయకూడదని, చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు వడ్లు తీయాలని దీప్తికి మామయ్య మొదట్లోనే నేర్పాడు. ట్రాలీ చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, గాజులు వెనక్కి తోసుకుని, చెయ్యి వడ్లలోకి దించింది. మణికట్టు దాకా చల్లగా ఉంది. మోచెయ్యి దాకా దించింది.

లోపల వడ్లు వేడిగా ఉన్నాయి.

అన్నం కుండ మీద మూత తీసినప్పటిలా సన్నటి ఆవిరి వాసన పైకి వచ్చింది. పట్టా కింద కాగుతాయని మామయ్య అన్న మాట గుర్తొచ్చి, దీప్తి చెయ్యి బయటికి తీయలేదు. గుప్పిట మూసుకుని అలాగే ఉండిపోయింది.

"ఎట్లున్నయ్ బిడ్డా?" అని అటు నుంచి శంకరయ్య, ఇటు నుంచి సరోజ ఒకేసారి అడిగారు.